బోర్డు మీద పేరుంటే సరిపోతుందా?

మొన్న వేసవిలో మూడు వారాల ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్ కోసం ఒక రసాయన కర్మాగారానికి వెళ్లాను. దాని పేరు ఇక్కడ అనవసరం. గేటు దాటగానే ఎడమ పక్క పెద్ద బోర్డు. పైన 'సేఫ్టీ కమిటీ' అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద రెండు వరసల్లో పేర్లు. ఒక వరస యాజమాన్యం తరఫు వాళ్లు, ఇంకో వరస కార్మికుల తరఫు వాళ్లు. రిపోర్టులో సేఫ్టీ మీద ఎలాగూ ఒక చాప్టర్ రాయాలి కదా, ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు కాబట్టి ఆ పేర్లన్నీ బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

రెండో వారంలో టీ బ్రేక్ దగ్గర ఒక ఆపరేటర్‌తో మాట కలిసింది. యాభై ఏళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు చూస్తే నేను రాసుకున్న పేరే.

"బాబాయ్, మీరు సేఫ్టీ కమిటీ మెంబర్ కదా. మీటింగుల్లో ఏం మాట్లాడతారు?" అని అడిగాను.

"నేనా? ఎవరన్నారు బాబూ?"

"గేటు దగ్గర బోర్డు మీద మీ పేరుంది."

ఆయన నవ్వేశాడు. "ఆ బోర్డు ముందు నుంచి రోజూ పోతాం గానీ ఎవరు చదివారు? మూడు నాలుగు నెలలకోసారి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. ట్రైనింగ్ అటెండెన్సేమో అనుకున్నా." కాసేపాగి, "అది సరే గానీ, అదిగో ఆ ఐవాష్ చూడు. ముందు డ్రమ్ములు పేర్చేశారు. కంట్లో ఏదైనా పడితే కళ్లు మూసుకుని ఆ డ్రమ్ములు దాటి వెళ్లాలి. ఎన్నాళ్లుగానో అలాగే ఉంది. ఎవరికి చెప్పమంటావు?" అన్నాడు.

ఆయన ఎవరికి చెప్పాలో ఆ మనిషి ఆయనే. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ వ్యాసం ఆ కుర్చీ గురించి. జీతం లేని కుర్చీ. పని చేసే చోట ప్రాణాలు పోకుండా చూడమని చట్టం కొందరు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టమంటుంది. వాళ్లని ఎవరు ఎంచుతారు, ఎలా ఎంచుతారు, కూర్చున్నాక వాళ్లు ఏం చేయగలరు? మనలో చాలామంది రెండు మూడేళ్లలో ఏదో ఒక ప్లాంట్‌లోకో సైట్‌లోకో వెళ్లేవాళ్లమే కాబట్టి తెలుసుకుంటే మంచిదనిపించింది.

ముందు ఏది ఏమిటో విడదీసుకుందాం

'భద్రతా మండలి' అనగానే మనకి ఐక్యరాజ్యసమితి గుర్తొస్తుంది. ఇది ఆ భద్రత కాదు. పని స్థలంలో భద్రత చూసే సభలు మన దేశంలో రెండు మూడు రకాలున్నాయి. వాటిని కలిపేసుకుంటే అంతా గందరగోళమే.

మొదటిది, ఒక్కో కర్మాగారం లోపల ఉండే సేఫ్టీ కమిటీ. పైన చెప్పిన బోర్డు దీనిదే. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 41జీ అనే సెక్షన్ దీని గురించి చెప్పేది. ప్రమాదకరమైన ప్రక్రియలు జరిగే, లేదా ప్రమాదకర పదార్థాలు వాడే ప్రతి ఫ్యాక్టరీలో కార్మికుల ప్రతినిధులు, యాజమాన్య ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉండే కమిటీని ఏర్పాటు చేయాలని అందులో ఉండేది. ఆ బాధ్యత యాజమాన్యానిదే.

రెండోది, ప్రభుత్వ స్థాయిలో ఉండే సలహా బోర్డులు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం జాతీయ స్థాయిలో ఒక సలహా బోర్డు, ఒక్కో రాష్ట్రానికి ఒక సలహా బోర్డు ఉండాలి. ఈ కోడ్‌తో పాటు మిగతా మూడు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. ఈ బోర్డుల్లో అధికారులు తమ హోదా వల్ల సభ్యులవుతారు. వాళ్లతో పాటు యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, ఈ రంగంలో అనుభవం ఉన్న నిపుణులు ఉంటారు. వీళ్లని ప్రభుత్వం నియమిస్తుంది. ప్రమాణాలు, నియమాలు తయారుచేసేటప్పుడు ప్రభుత్వానికి సలహా ఇవ్వడం వీళ్ల పని.

మూడోది, నేషనల్ సేఫ్టీ కౌన్సిల్. 1966 మార్చి 4న కేంద్ర కార్మిక శాఖ దీన్ని ఏర్పాటు చేసింది. ప్రతి ఏటా మార్చి 4న మనం చూసే జాతీయ భద్రతా దినోత్సవం పోస్టర్లు, ప్రతిజ్ఞలు, క్విజ్ పోటీలు అన్నీ ఆ తేదీ నుంచి వచ్చినవే. శిక్షణ, ప్రచారం దీని పని. ఫ్యాక్టరీని తనిఖీ చేసి కేసు పెట్టే అధికారం దీనికి లేదు. ఆ పని రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖది. "సేఫ్టీ కౌన్సిల్ వాళ్లొచ్చి చూసుకుంటారులే" అని ఎవరైనా అంటే వాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారన్నమాట.

అసలు ఈ కుర్చీ ఎందుకు పుట్టింది?

41జీ 1948 నాటి అసలు చట్టంలో లేదు. 1987 సవరణలో చేరింది. ఆ సవరణకి కారణం 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో జరిగిన ఘోరం.

భోపాల్ గురించి మనం కెమిస్ట్రీ వైపు నుంచి బాగా చదువుకుంటాం. మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీళ్లు వెళ్లడం, ఉష్ణోగ్రత పెరగడం, ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్ నెలల తరబడి ఆగి ఉండటం. కానీ అందులో ఇంకో కథ ఉంది. ఆ ప్లాంట్ ప్రమాదకరంగా ఉందని లోపల పనిచేసేవాళ్లకి ముందే తెలుసు. 1981 డిసెంబర్‌లో ఫాస్జీన్ వాయువు పీల్చి ఒక కార్మికుడు చనిపోయాడు. కార్మిక సంఘం గొడవ చేసింది. స్థానిక పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీ 1982 నుంచే పత్రికల్లో హెచ్చరిస్తూ రాశారు. సమాచారం లేక జరిగిన ప్రమాదం కాదది. సమాచారం ఉన్నవాళ్ల మాట వినాల్సిన వాళ్ల దాకా చేరే దారి లేక, చేరినా జవాబు చెప్పి తీరాలన్న నిబంధన లేక జరిగింది.

అందుకే 1987లో చట్టానికి ఒక అధ్యాయమే కొత్తగా చేర్చారు. అందులో రెండు సెక్షన్లు మనకి ముఖ్యం. ఒకటి 41జీ, కమిటీ గురించి. రెండోది 41హెచ్. ప్రమాదం ముంచుకొస్తోందని కార్మికుడికి సహేతుకమైన అనుమానం కలిగితే, నేరుగా గానీ సేఫ్టీ కమిటీలో ఉన్న తన ప్రతినిధి ద్వారా గానీ యాజమాన్యానికి చెప్పవచ్చు. అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పవచ్చు. ముందు మేనేజర్‌కి చెప్పి, ఆయన అనుమతి తీసుకుని, తర్వాత ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాలని లేదు. విన్న వెంటనే తగిన చర్య తీసుకుని ఇన్‌స్పెక్టర్‌కి నివేదించడం యాజమాన్యం విధి.

అంటే ఆ కమిటీ సభ్యుడు ఒక తీగ లాంటివాడు. మిషన్ దగ్గర తెలిసిన విషయాన్ని నిర్ణయం తీసుకునే టేబుల్ దాకా మోసుకెళ్లే తీగ. ఆ తీగ తెగిపోతే అలారం ఎంత ఖరీదైనదైనా మోగదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడినప్పుడు సైరన్ మోగలేదన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఒక్కో ప్రమాదానికి సాంకేతిక కారణం వేరు. కానీ ప్రతి ప్రమాదం తర్వాత మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఇలా ఉందని లోపల ఎవరికైనా ముందే తెలుసా? తెలిస్తే, చెప్పుకునే చోటు ఉందా?

స్వచ్ఛందం అంటే ఉచితం కాదు

ఈ సభ్యులకి కమిటీ పనికి వేరే జీతం ఉండదు. అలాగని సొంత టైములో, సొంత ఖర్చుతో చేయాలని కాదు. ఈ తేడాని చక్కగా తేల్చిన దేశం బ్రిటన్.

1970ల మొదట్లో అక్కడ పని స్థల భద్రత చట్టాలన్నీ చిందరవందరగా ఉండేవి. వాటిని పరిశీలించడానికి లార్డ్ రోబెన్స్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1972లో నివేదిక వచ్చింది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే అన్నిచోట్లా ఉండలేడు, ప్రమాదాన్ని సృష్టించేవాళ్లు, ఆ ప్రమాదం మధ్య పనిచేసేవాళ్లు కలిసి బాధ్యత తీసుకోవాలి అన్నది దాని సారాంశం. దాన్నించే 1974 చట్టం వచ్చింది.

ఇక్కడొక చేదు నిజం. ఇదే రోబెన్స్ అంతకుముందు బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డుకి ఛైర్మన్. ఆయన హయాంలోనే 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని ఆబర్‌ఫాన్ అనే ఊళ్లో గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ గుట్ట గురించి ఊరివాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. భద్రత కమిటీకి ఎవరిని అధ్యక్షుడిగా పెట్టాలన్న ప్రశ్న ఎంత సున్నితమైందో ఈ ఒక్క నియామకం చూస్తే అర్థమవుతుంది.

సరే, చట్టం వచ్చాక 1977లో ప్రత్యేకంగా భద్రతా ప్రతినిధుల నిబంధనలు చేశారు. అవి మరుసటి ఏడాది అక్టోబర్ నుంచి అమలయ్యాయి. యాజమాన్యం గుర్తించిన కార్మిక సంఘమే తన ప్రతినిధుల్ని నియమిస్తుంది. యాజమాన్యం ఎంచడానికి వీల్లేదు. ప్రతినిధి తనిఖీకి, శిక్షణకి వెళ్లే సమయానికి మామూలు జీతం ఇవ్వాలి. ఇద్దరు ప్రతినిధులు కలిసి రాతపూర్వకంగా అడిగితే మూడు నెలల్లోగా యజమాని సేఫ్టీ కమిటీ వేయాలి.

చూశారా, పదవికి పైసా లేదు. కానీ ఆ పదవిలో పనిచేసే ప్రతి గంటకీ జీతం కోత లేదు. స్వచ్ఛందం అంటే అర్థం అది. రోజుకూలి మీద బతికే మనిషిని "సేవాభావంతో రండి" అని పిలిచి ఆ పూట కూలి కోసేస్తే వచ్చేవాళ్లెవరు? ఏ నష్టమూ లేనివాళ్లు, అంటే ఆ ప్రమాదం మధ్య లేనివాళ్లే వస్తారు.

ప్రభుత్వ స్థాయి నియామకం ఎలా ఉంటుంది?

దీనికి అమెరికా ఉదాహరణ తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ 1970 వృత్తి భద్రత చట్టంతో పాటే ఒక జాతీయ సలహా కమిటీ పుట్టింది. మొత్తం 12 మంది. నియమించేది కార్మిక మంత్రి. అందులో నలుగురిని మాత్రం ఆరోగ్య మంత్రి సూచించాలి. యాజమాన్యం, కార్మికులు, భద్రతా నిపుణులు, వృత్తి ఆరోగ్య నిపుణులు, సాధారణ ప్రజలు, ఇలా అందరి తరఫునా సభ్యులుండాలి. ఛైర్మన్‌ని 'ప్రజల తరఫు' సభ్యుల్లోంచే తీసుకోవాలి. ఏడాదికి కనీసం రెండు సమావేశాలు జరగాలి. అవి ఎవరైనా వచ్చి వినేలా బహిరంగంగా జరగాలి. మాట్లాడిన ప్రతి మాటా రికార్డు చేసి, అడిగినవాళ్లకి అందుబాటులో ఉంచాలి.

ఇందులో మెచ్చుకోవాల్సింది అంకె కాదు, అల్లిక. సభ్యుల్ని ఎంచే అధికారం మొత్తం ఒక్కరి చేతిలో లేదు. అధ్యక్షుడు అటు యాజమాన్యం మనిషీ కాదు, ఇటు సంఘం మనిషీ కాదు. మీటింగ్ జరగలేదంటే బయటికి తెలిసిపోతుంది.

మన జాతీయ, రాష్ట్ర బోర్డుల్లో కూడా యజమానులు, కార్మికులు, నిపుణులు అనే మూడు వైపులూ చట్టంలోనే ఉన్నాయి. అయితే చట్టంలో కుర్చీ ఉండటం ఒకటి, అందులో మనిషి ఉండటం ఇంకొకటి. పదవీకాలం అయిపోయాక కొత్తవాళ్లని వేయకపోతే బోర్డు కాగితం మీదే ఉంటుంది. ఎవరూ దాన్ని రద్దు చేయనక్కర్లేదు. ఖాళీలు నింపకపోతే చాలు.

మన ఫ్యాక్టరీలో, మన గనిలో

ఇక మన దగ్గరికొద్దాం. కమిటీలో ఎంతమంది ఉండాలి, ఎన్నాళ్లుండాలి, హక్కులేమిటి అన్నది 41జీ రాష్ట్ర నియమాలకి వదిలింది. చాలా రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమాల్లో కనిపించే నమూనా సుమారుగా ఇది. నిర్ణయం తీసుకోగల హోదాలో ఉన్న సీనియర్ అధికారి ఛైర్మన్. సేఫ్టీ ఆఫీసర్, ఫ్యాక్టరీ డాక్టర్, ఉత్పత్తి, మెయింటెనెన్స్, కొనుగోళ్ల విభాగాల నుంచి ఒక్కొక్కరు. కార్మికుల ప్రతినిధుల్ని కార్మికులే ఎన్నుకోవాలి. పదవీకాలం రెండేళ్లు. కనీసం మూడు నెలలకోసారి సమావేశం. మినిట్స్ రాసి, ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి.

కొనుగోళ్ల విభాగం మనిషి ఎందుకు అని నాకు మొదట అర్థం కాలేదు. ఆలోచిస్తే భలే తెలివైన ఏర్పాటు. గ్లవ్స్ నాసిరకంగా ఉన్నాయని కార్మికుడు చెబితే, "ఇండెంట్ పెట్టాం, పర్చేజ్ వాళ్లు తెప్పించలేదు" అనే జవాబు అక్కడ కుదరదు. పర్చేజ్ ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటాడు.

గనుల్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. సింగరేణి ఊళ్ల నుంచి వచ్చిన మిత్రులకి ఇది తెలిసే ఉంటుంది. 1955 గనుల నియమాల్లో 'వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్' అనే పదవి ఉంది. 500 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే గనిలో, రిజిస్టరైన కార్మిక సంఘాన్ని సంప్రదించి, తగిన అర్హత, అనుభవం ఉన్న కార్మికుణ్ని నామినేట్ చేయాలి. ఆయన గనిలోకి దిగి దారులు, పని ముఖాలు, యంత్రాలు చూసి, కనిపించిన లోపాల్ని దానికోసమే పెట్టిన పుస్తకంలో రాస్తాడు. దానిమీద ఏం చర్య తీసుకున్నారో మేనేజ్‌మెంట్ అదే పుస్తకంలో రాయాలి. పుస్తకం అక్కడే ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే, 'మాకు తెలియదు' అనడానికి వీల్లేకుండా.

పైకి చిన్న విషయంలా ఉంటుంది గానీ, నా దృష్టిలో మొత్తం వ్యవస్థకి ప్రాణం ఇక్కడే ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది. పుస్తకంలో తేదీ వేసి రాసిన ఫిర్యాదు జవాబు కోసం ఎదురుచూస్తుంది.

2020 కోడ్ వచ్చాక కొన్ని మార్పులున్నాయి. కమిటీలో కార్మికుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల కంటే తక్కువ ఉండకూడదంటుంది కోడ్. తనకు సంబంధించిన ఆరోగ్య, భద్రతా సమాచారం అడిగే హక్కు, కమిటీ సభ్యుడి ద్వారా లోపాన్ని ఎత్తిచూపే హక్కు, ఒక్క ప్రమాదకర ప్రక్రియల ఫ్యాక్టరీలకే కాకుండా కోడ్ కిందికి వచ్చే సంస్థల్లోని ఉద్యోగులందరికీ వచ్చింది. ఇది మంచి మార్పే. మామూలు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి అయ్యే సంఖ్య కూడా 1000 నుంచి 500కి తగ్గింది. ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250. కానీ పాత 41జీలో ప్రమాదకర ఫ్యాక్టరీ అయితే చాలు, కమిటీ వేయాల్సిందే. కోడ్‌లో మాత్రం ఏయే సంస్థలు కమిటీ వేయాలో ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా చెబుతుంది. అంటే ఆ ఉత్తర్వు ఏం చెబుతుందన్న దానిమీద చాలా ఆధారపడి ఉంటుంది. ఆ నియమాలు రాసేటప్పుడు సలహా ఇవ్వాల్సింది రాష్ట్ర బోర్డు. పైనున్న కుర్చీలు ఖాళీగా ఉంటే కింద బోర్డు మీద పేర్లు ఎందుకు బలహీనపడతాయో ఇప్పుడు అర్థమైంది కదా.

ఎక్కడ చెడుతుంది?

చట్టం ఇంత బాగుంటే మా ట్రైనింగ్‌లో కలిసిన బాబాయ్‌కి తన పదవి సంగతే ఎందుకు తెలియలేదు? ఆలోచిస్తే నాకు నాలుగు కారణాలు కనిపించాయి.

ఒకటి, ఎన్నిక బదులు ఎంపిక. కార్మికులు ఎన్నుకోవాల్సిన చోట హెచ్.ఆర్. వాళ్లు "గొడవ పెట్టని మనిషి" పేరు రాసేస్తారు. గొడవ పెట్టని మనిషి ఐవాష్ ముందున్న డ్రమ్ముల గురించీ గొడవ పెట్టడు.

రెండు, కాంట్రాక్టు కార్మికులు. ప్రమాదం ఎక్కువగా ఉండే పనులు, అంటే ట్యాంకు లోపలికి దిగడం, ఎత్తు మీద వెల్డింగ్, షట్‌డౌన్ పనులు, చాలాచోట్ల చేసేది వీళ్లే. కమిటీలో ఉండేది మాత్రం పర్మనెంట్ వాళ్లు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాడికి బోర్డు మీద ఇంగ్లీషూ రాదు, మీటింగులో తెలుగూ రాదు.

మూడు, భయం. ఎత్తిచూపితే షిఫ్ట్ మారుస్తారేమో, కాంట్రాక్టు రెన్యువల్ కాదేమో. సభ్యుణ్ని వేధించకుండా కాపాడే ఏర్పాటు లేకపోతే ఆ కుర్చీ ఇచ్చి లాభం లేదు.

నాలుగు, జవాబు లేకపోవడం. మొదటి మీటింగులో ఉత్సాహంగా ఐదు విషయాలు చెబుతాడు. మూడు నెలల తర్వాత చూస్తే ఐదూ అలాగే ఉంటాయి. నాలుగో మీటింగుకి కాగితం తన దగ్గరికే వస్తుంది, సంతకం పెట్టేస్తాడు. దీన్ని మనం కార్మికుల నిర్లక్ష్యం అంటాం. అది నిర్లక్ష్యం కాదు, విసుగు.

కాబట్టి ఎక్కడైనా ఒక సేఫ్టీ కమిటీ నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే బోర్డు చూడక్కర్లేదు. ఈ ప్రశ్నలు అడిగితే చాలు. ఈ సభ్యుణ్ని ఎవరు ఎంచుకున్నారు? ఆయన పదవీకాలం ఎప్పుడు ముగుస్తుంది? మీటింగుకి వెళ్లిన గంటలకి జీతం ఉందా? కాంట్రాక్టు వాళ్ల తరఫున ఎవరున్నారు? పోయిన మీటింగులో రాసిన విషయాల్లో ఎన్ని పూర్తయ్యాయి, కానివాటికి కారణం ఎవరు రాశారు?

మనకేంటి?

"ఇవన్నీ కార్మికులకి, యూనియన్లకి సంబంధించినవి కదా, మనం ఇంజినీర్లం" అనిపించవచ్చు. నిజానికి ఆ టేబుల్‌కి రెండు వైపులుంటాయి. రేపు యాజమాన్యం వైపు కూర్చోబోయేది మనమే. ప్రొడక్షన్ ఇంజినీర్‌గానో మెయింటెనెన్స్ ఇంజినీర్‌గానో మన పేరూ ఆ బోర్డు ఎక్కుతుంది. మినిట్స్ టైప్ చేసే పని ట్రైనీ మీద పడటం మామూలే. పాత ఫైల్ ఓపెన్ చేసి తేదీ మార్చి సేవ్ చేయడం ఎంత సులువో, ప్రతి సెమిస్టర్ ల్యాబ్ రికార్డులు రాసే మనకి వేరే చెప్పాలా?

అలవాటు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మన ల్యాబుల్లో ఫ్యూమ్ హుడ్ పనిచేయట్లేదనో, వర్క్‌షాప్‌లో గ్రైండర్‌కి గార్డు లేదనో ముందు తెలిసేది ల్యాబ్ అసిస్టెంట్ అన్నకి, ఆ తర్వాత మనకి. ఒక్కో ల్యాబుకి ఒక విద్యార్థిని, ఒక ల్యాబ్ అసిస్టెంట్‌ని ఆ బ్యాచ్ వాళ్లే ఎంచుకుని, లోపాలు రాయడానికి ఒక రిజిస్టర్ పెట్టి, ఎదురు పేజీలో విభాగం జవాబు రాసేలా చేస్తే చాలు. దీనికి చట్టం అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. గనిలో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ పుస్తకం కూడా సూత్రంలో అంతే.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. ట్రైనింగ్ రిపోర్టులో సేఫ్టీ చాప్టర్‌ని నేను సీనియర్ల రిపోర్టు చూసే రాశాను. "సేఫ్టీ కమిటీ సమర్థంగా పనిచేస్తోంది" అనే వాక్యం అందులో ఉంది. ఐవాష్ ముందు డ్రమ్ములు చూశాక కూడా ఆ వాక్యం తీయలేదు. మార్కులు తగ్గుతాయేమో, గైడ్ ఏమంటారో, రేపు జూనియర్లకి అక్కడ ట్రైనింగ్ ఇవ్వరేమో అనుకున్నాను. భయపడి సంతకం పెట్టేవాళ్ల గురించి పైన అంత రాశానా, ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

చివరి రోజు సెలవు తీసుకునేటప్పుడు ఆ బాబాయ్‌ని గేటు దగ్గర బోర్డు ముందుకి తీసుకెళ్లి ఆయన పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "ఈసారి కాగితం తెస్తే, మీటింగ్ ఎప్పుడో చెప్పండి, వస్తాను అంటాను" అన్నాడు.

అన్నాడో లేదో తెలియదు. అనే ఉంటాడని నా నమ్మకం. ఆయనకి తన పేరు చదివి చూపించడానికి మూడు వారాలు పట్టింది నాకు. మీరు ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు మొదటి రోజే ఆ పని చేయండి.